లిఫ్టంటే ఏ లిఫ్టు? ఎత్తే యంత్రాలు, వాటి పేర్ల తిరకాసు

మన రెంటచింతల సెంటర్లో నిలబడి "లిఫ్టు" అని ఒక్క మాట అనండి. విన్నవాళ్లు తలా ఒక అర్థం తీసుకుంటారు. మోటారు సైకిలు మీద వెళ్లేవాడు తనను ఎక్కించుకోమంటున్నారని ఆపుతాడు. ట్రాక్టరు డ్రైవరు వెనక గొర్రును పైకి లేపే హైడ్రాలిక్ సంగతి అనుకుంటాడు. గుంటూరు ఆస్పత్రికి వెళ్లొచ్చిన పెద్దాయనకు మూడో అంతస్తుకు తీసుకుపోయిన ఇనప గది గుర్తొస్తుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో బస్తాలు పెట్టుకుని కూర్చున్న రైతుకైతే లారీ వచ్చి సరుకు ఎత్తుకుపోవడమే లిఫ్టింగు. మెట్ట పొలం ఉన్న రైతుకు మాత్రం లిఫ్టంటే నీళ్లు. కాలువ ఎక్కని చేనుకు నీళ్లెక్కించే పథకం.

మాట ఒకటే, అర్థాలు అయిదు. ఇందులో నవ్వుకోవడానికి ఉంది, నష్టపోవడానికీ ఉంది. "మీ ఊరికి లిఫ్టు వస్తుంది" అన్నా, "ఈ మోటారుకు లిఫ్టు బాగుంది" అన్నా రైతు తల ఊపేస్తాడు. ఎంత నీరు, ఎంత ఎత్తుకు, ఎవరి ఖర్చుతో అని అడగడు. ఎత్తే యంత్రానికి ఏ పేరు పెట్టినా అసలు సంగతి ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంటుంది. అందుకే ఈ వారం ఎత్తే యంత్రాల గురించి, వాటి పేర్లకున్న వేరే అర్థాల గురించి, ఆ పేర్ల వెనక ఉన్న లెక్క గురించి చెప్పుకుందాం.

గూడ, ఏతం, కపిల

కరెంటు రాకముందు నీళ్లు ఎత్తడానికి మన పెద్దలకు మూడు సాధనాలు ఉండేవి. మూడింటి పేర్లకూ వేరే అర్థాలున్నాయి.

మొదటిది గూడ. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, తాళ్లు కట్టిన బుట్టను ఊపుతూ గుంటలోని నీళ్లను గట్టుమీదికి చిమ్మేవారు. మూడు నాలుగు అడుగుల ఎత్తుకైతే ఇది చాలు. భుజం కీలును కూడా గూడ అంటారు. రోజంతా గూడ వేసిన మనిషికి ఆ రెండు గూడలకూ ఉన్న సంబంధం ఒకరు చెప్పనక్కర్లేదు.

రెండోది ఏతం. నిలువు స్తంభం మీద అడ్డంగా పొడవాటి దూలం, దాని ఒక కొసన గడ, గడకు బాన. మనిషి దూలం మీద ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన నీళ్లలో మునిగి పైకి లేచేది. ఏతం పాటకు ఎదురుపాట లేదని సామెత. ఎన్ని బానలు పోశారో లెక్క తప్పకుండా ఉండటానికీ, అలుపు తెలియకుండా ఉండటానికీ పాడేవారు. తమిళులు దీనినే ఏట్రం అంటారు. వాళ్ల భాషలో ఆ మాటకు ఎక్కడం, పెరగడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. కన్నడంలో ఏత. కర్ణాటకలో కోట్ల రూపాయల పంపులతో కట్టిన పెద్ద పథకాన్ని కూడా ఇప్పటికీ "ఏత నీరావరి" అనే పిలుస్తారు. యంత్రం మారినా పేరు మారలేదు. ఇంగ్లీషు దొరల కాగితాల్లో మన ఏతాన్ని పికోటా అని రాశారు. అది పోర్చుగీసు నావికుల నుంచి వచ్చిన మాట. ఈజిప్టులో నైలు నది ఒడ్డున వాడిన షాదూఫ్ కూడా ఇదే పద్ధతి.

మూడోది కపిల. కొన్ని చోట్ల మోట అంటారు. లోతు బావి మీద గిలక, గిలక మీదుగా మోకు, మోకుకు తోలు బొక్కెన, బొక్కెన అడుగున నీళ్లు వదిలే తోలు గొట్టం. ఆ గొట్టాన్ని తొండం అనేవారు, అచ్చంగా ఏనుగు తొండం లాగానే. జత ఎద్దులు వాలులో దిగుతుంటే బొక్కెన పైకి వచ్చేది. ఎద్దులు వెనక్కు నడిచి వాలు ఎక్కితే మళ్లీ బావిలోకి దిగేది. కపిల అంటే గోరోజనం రంగు ఆవు కూడా. సాంఖ్యం చెప్పిన మహర్షి పేరు కపిలుడు. "కపిల ఉందా?" అని అడిగితే, ఆవును దానమిచ్చే సంగతో, బావిని బాగుచేసే సంగతో మాట వరసను బట్టి తెలుసుకోవాల్సిందే. గిలకకూ అంతే, పిల్లలాడుకునే గిలక్కాయ ఉండనే ఉంది. రాట్నం అంటే నూలు వడికేదీ, తిరునాళ్లలో పిల్లలెక్కేదీ, బావిలో నీళ్లు చేదేదీ అన్నీ రాట్నాలే.

ఈ మూడింటిలో ఒక సుగుణం ఉంది. ఖర్చు కళ్లకు కనిపించేది. ఎద్దులు రొప్పితే తెలిసేది, మనిషికి అలుపొస్తే తెలిసేది. ఎంత లోతు నుంచి నీళ్లు తెస్తే ఎంత పైరు నిలబడుతుందో పెద్దలకు చేతి లెక్క. మీట నొక్కితే నీళ్లొచ్చే రోజుల్లో ఆ లెక్క మరుగున పడింది.

ఎత్తిపోతల: జలపాతమా, పథకమా?

పల్నాటి వాళ్లకు ఈ పేరు దగ్గర పెద్ద తిరకాసు ఉంది. బయటి జిల్లాల వాళ్లకు ఎత్తిపోతల అంటే నీళ్లు పైకి ఎత్తి పోసే పథకం. మనకు మాత్రం ముందు గుర్తొచ్చేది మాచర్ల దగ్గర చంద్రవంక మీది జలపాతం. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి కిందికి దూకుతాయి. ఆ తర్వాత చంద్రవంక వెళ్లి కృష్ణలో కలుస్తుంది. ఎవరో పైకెత్తి పోస్తున్నట్టు నీళ్లు పడతాయి కాబట్టి ఆ పేరని కొందరు చెబుతారు. యతులు తపస్సు చేసిన చోటు గనక "యతి తపోతలం" అనే మాటే ఎత్తిపోతల అయిందని ఇంకొందరు అంటారు.

ఏదైనా కానివ్వండి, ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ ఎత్తిపోతలలో నీళ్లు వాటంతట అవే కిందికి పడతాయి, పైసా ఖర్చు లేదు. పథకం ఎత్తిపోతలలో నీళ్లు పైకి ఎక్కాలి, ప్రతి అడుగుకూ ఖర్చే.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు. కాలువ కింద ఉన్న పొలానికి నీరు వాలునే వస్తుంది. కాలువ గట్టు కన్నా మిట్టన ఉన్న పొలం కాలువను చూస్తూనే ఎండుతుంది. సాగర్ ఎంత దగ్గరున్నా మిట్టకు నీరెక్కదు. అటువంటి మెట్టల కోసమే ఎత్తిపోతలు. వెల్దుర్తి వైపు మెట్టలకు నీరివ్వాలని తలపెట్టిన వరికపూడిసెల ఎత్తిపోతలకు 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది.

చిన్న ఎత్తిపోతల పథకాలు చూడటానికి రాష్ట్రంలో 1974లో నీటిపారుదల అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇలాంటి చిన్న పథకాల్లో చాలావాటిని కట్టాక నడిపే బాధ్యత ఆయకట్టు రైతుల సంఘానికే అప్పగిస్తారు. ఇక్కడే అసలు కిటుకు. మోటారు కాలితే చుట్టించేదెవరు? ట్రాన్స్‌ఫార్మరు పోతే తిరిగేదెవరు? పైపు పగిలితే డబ్బు పెట్టేదెవరు? ఈ ప్రశ్నలకు ముందే జవాబు లేని లిఫ్టులు నాలుగైదేళ్లకే మూలబడిన ఊళ్లు రాష్ట్రంలో చాలా ఉన్నాయి. షెడ్డు ఉంటుంది, పైపులైను ఉంటుంది, నీళ్లు మాత్రం ఉండవు.

సత్రశాల దగ్గర రెండు వైపులా తిరిగే యంత్రం సంగతి

ఎత్తడం ఎంత ఖరీదైన పనో తెలుసుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. మన మండలంలోని సత్రశాల దగ్గర కృష్ణ మీద కట్టిన టెయిల్ పాండ్ ఆనకట్టను చూస్తే చాలు. టెయిల్ అంటే తోక, పాండ్ అంటే చెరువు. తోక చెరువు అని వింత పేరు. సాగర్ డ్యాం దగ్గర నీళ్లు కిందికి దిగి కరెంటు పుట్టించాక, ఆ నీళ్లు సముద్రం వైపు వెళ్లిపోకుండా ఇక్కడ ఆగుతాయి.

ఎందుకు ఆపడం? సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యంత్రాలున్నాయి. అందులో ఒకటి 110 మెగావాట్లది, అది మామూలు టర్బైను. మిగతా ఏడూ ఒక్కొక్కటి 100.8 మెగావాట్లవి, రెండు వైపులా తిరుగుతాయి. ఒకవైపు తిరిగితే నీళ్లు దించి కరెంటు ఇస్తాయి. రెండోవైపు తిరిగితే కరెంటు తీసుకుని, కింద ఆగిన నీళ్లను తిరిగి జలాశయంలోకి ఎత్తుతాయి. ఒకే యంత్రం టర్బైనూ అవుతుంది, పంపూ అవుతుంది. కరెంటు మిగిలిన వేళ ఎత్తి, గిరాకీ ఉన్న వేళ దించుకోవడం దీని ఉద్దేశం. ఎత్తే యంత్రాలు తెలంగాణ జెన్‌కో చేతిలో, నీరాపే కట్ట ఆంధ్రప్రదేశ్ జెన్‌కో చేతిలో ఉన్నాయి. ఆ కట్ట దగ్గర కూడా 25 మెగావాట్ల యంత్రాలు రెండున్నాయి.

రైతు నేర్చుకోవాల్సింది ఇందులో ఒకటుంది. ఇలాంటి కేంద్రాల్లో నీళ్లెత్తడానికి నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే, అవే నీళ్లు దించినప్పుడు తిరిగొచ్చేది సుమారు మూడు యూనిట్లే. అంత పెద్ద యంత్రాలకే నాలుగో వంతు పోతే, మన బావి మీది మోటారు సంగతి ఆలోచించండి.

కొంగ, జాకీ, గేటు

నాపరాళ్ల క్వారీల్లోనూ, వంతెనలు కట్టేచోటా కనిపించే క్రేనుకు ఆ పేరు పక్షి నుంచి వచ్చింది. ఇంగ్లీషులో క్రేన్ అంటే కొంగ జాతి పక్షి. పొడుగాటి మెడ చాచి వంగి కిందున్నదాన్ని అందుకుని పైకి లేపుతుంది కాబట్టి యంత్రానికీ అదే పేరు పెట్టారు. గ్రీకు భాషలోనూ పక్షికీ యంత్రానికీ ఒకే మాట ఉండేదట. రష్యాలో అదే మాట నీళ్ల కుళాయికి కూడా వాడతారు.

పంక్చరు షాపులో బండిని లేపేది జాకీ. పందెంలో గుర్రం ఎక్కేవాడూ జాకీయే. రేడియోలో కబుర్లు చెప్పేవాళ్లనూ జాకీ అంటున్నారు. బనియను కొట్లో అడిగితే ఇంకోటి ఇస్తారు. పేరు సరదాగానే ఉన్నా యంత్రంతో సరసం వద్దు. జాకీ మీద లేపిన ట్రైలరు కిందికి గాని, హైడ్రాలిక్ లిఫ్టు మీద ఆగిన గొర్రు కిందికి గాని దూరి పనిచేయకూడదు. ఆయిలు కారినా, సీలు పోయినా, ఎవరి చెయ్యయినా లివరుకు తగిలినా క్షణంలో కింద పడుతుంది. ముందు చెక్క దిమ్మెలు పెట్టి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

"గేట్లెత్తారు" అంటే మాత్రం పల్నాడంతా సంబరమే. సాగర్‌కు 26 క్రస్ట్ గేట్లున్నాయి. ఒక్కోటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. వాటిని లేపే యంత్రాన్ని హాయిస్టు అంటారు. ఇక్కడ ఎత్తేది ఇనుమును, నీళ్లను కాదు. నీళ్లు తమంతట తామే దిగుతాయి.

పంపు అంటే పంపించడమే కాదు

తెలుగులో పంపు అంటే ఒకరిని ఎక్కడికైనా వెళ్లమనడం. పంపు అంటే వీధి కుళాయి, చేతిబోరు, మిరపతోటలో మందు కొట్టే డబ్బా, సైకిలుకు గాలి కొట్టే గొట్టం, పెట్రోలు బంకు, బావి మీది మోటారు సెట్టు. ఇన్నింటిలో రైతును ముంచేదీ తేల్చేదీ ఆ చివరిదే. దాన్ని కొనడానికి వెళ్లినప్పుడు షాపులో మూడు మాటలు వినిపిస్తాయి: హెచ్.పి., హెడ్డు, లిఫ్టు. మూడూ వేరు వేరు.

హెచ్.పి. అంటే గుర్రం బలం. ఆవిరి యంత్రాలు అమ్మిన జేమ్స్ వాట్, తన యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకు చెప్పడానికి పెట్టిన లెక్క అది. ఒక హెచ్.పి. అంటే సెకనుకు 75 లీటర్ల నీళ్లను ఒక మీటరు ఎత్తే బలం. మన జత ఎద్దులది సుమారు ఒక హెచ్.పి. అనుకోవచ్చు.

హెడ్డు అంటే తల కాదు, హెడ్ కానిస్టేబులూ కాదు, కాలువ హెడ్ రెగ్యులేటరూ కాదు. నీళ్లు మొత్తం ఎంత ఎత్తుకు ఎక్కాలన్నదే హెడ్డు. బావిలో నీటి మట్టం నుంచి పైపు మూతి దాకా ఉన్న నిలువు ఎత్తు, దాని మీద పైపులో రాపిడి వల్ల పోయే బలం, రెండూ కలిపి లెక్క వేయాలి.

ఇక లిఫ్టు. మోటారు బావి మీద ఉంటే అది కిందినుంచి నీళ్లు పీల్చాలి. దీన్ని సక్షన్ లిఫ్టు అంటారు. ఎంత గొప్ప కంపెనీ మోటారైనా 33 అడుగులకు మించి పీల్చలేదు. ఎందుకంటే నీటిని పైకి తోసేది మోటారు కాదు, గాలి ఒత్తిడి. ఆచరణలో 20 అడుగులు దాటితే కష్టమే. ఎండాకాలం మట్టం దిగినప్పుడు "మోటారు పాడైంది" అని మెకానిక్కును పిలిచే రైతుల్లో కొందరికి నిజంగా కావాల్సింది మోటారును కిందికి దించడం. మన రెంటచింతల ఎండలకు పేరు పడ్డ ఊరు, మట్టం దిగడం ఇక్కడ కొత్త కాదు.

ఒక ఎకరం, ఒక అంగుళం

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎకరం పొలంలో అంగుళం మందాన నీళ్లు నిలవాలంటే సుమారు ఒక లక్షా మూడు వేల లీటర్లు కావాలి. 5 హెచ్.పి. మోటారు ఉంది, హెడ్డు 100 అడుగులు, అంటే సుమారు 30 మీటర్లు. కాగితం మీద సెకనుకు 12 లీటర్ల పైన రావాలి. పంపులో, పైపులో, మోటారులో సగం బలం పోతుందనుకుంటే వచ్చేది 6 లీటర్లు. ఎకరానికి అంగుళం పెట్టడానికి పట్టే సమయం దాదాపు నాలుగు గంటల ముప్పావు.

అదే హెడ్డు 200 అడుగులైతే, ఆ ఎత్తుకు సరిపడే 5 హెచ్.పి. సెట్టే పెట్టినా, సెకనుకు వచ్చేది 3 లీటర్లు. సమయం తొమ్మిదిన్నర గంటలు. బలం అదే, పొలం అదే, ఎత్తు రెండింతలైతే సమయం రెండింతలైంది. 100 అడుగులకు చేసిన పంపును తెచ్చి 200 అడుగుల బావికి పెడితే నీళ్లు పైకే రావు.

ఉచిత కరెంటు 2004లో వచ్చాక ఈ లెక్క చాలామందికి అక్కరలేకుండా పోయింది. బిల్లు రాదు గనక ఖర్చు లేదనిపిస్తుంది. కానీ కరెంటు ఇచ్చే గంటలు లెక్కే కదా. ఆ గంటల్లో ఎన్ని ఎకరాలు తడుస్తాయన్నదే రైతు ఆదాయం. ఎకరం రెండెకరాల రైతుకు తప్పు మోటారు కొంటే పోయేది బిల్లు కాదు, పైరు. ఆయిలింజను పెట్టేవారికైతే 5 హెచ్.పి.కి గంటకు లీటరు, ఆ పైన డీజిలు కళ్లెదుటే పోతుంది.

పైపు దగ్గర చేసే పొదుపు కూడా ఇలాంటిదే. అంతే నీరు పోవాలంటే, పైపు వెడల్పు సగం చేస్తే లోపలి రాపిడి ముప్పై రెట్లకు పైగా పెరుగుతుంది. సన్న పైపులో మిగిలిన డబ్బు ప్రతి తడికీ పోతూనే ఉంటుంది. అనవసరపు వంపులు కూడా తగ్గించుకోండి.

అడగండి, ఆ తర్వాతే తల ఊపండి

మోటారు కొనేటప్పుడు:

1. మీ బావి లేదా బోరులో ఎండాకాలపు నీటి మట్టం ఎన్ని అడుగులో తాడుకు రాయి కట్టి కొలుచుకుని షాపుకు వెళ్లండి. వానాకాలపు మట్టం చెప్పి కొంటే మే నెలలో బాధ.

2. మోటారు మీది రేకు చదివించుకోండి. హెడ్డు ఎంత నుంచి ఎంత వరకు, ఏ హెడ్డు దగ్గర సెకనుకు ఎన్ని లీటర్లు అన్నది అందులో ఉంటుంది. మీ హెడ్డు ఆ రెండు అంకెల నడుమ పడాలి, కొసన కాదు.

3. "పక్కాయన 7.5 పెట్టాడు, నేనూ పెడతా" అనొద్దు. ఆయన బావి వేరు, మీ బావి వేరు. బోరులో ఊరే నీటి కన్నా ఎక్కువ తోడే మోటారు పెడితే అది ఉత్తగా తిరిగి కాలిపోతుంది.

ఊరికి లిఫ్టు వస్తుందన్నప్పుడు:

1. నీరు ఎక్కడినుంచి తీసుకుంటారు, ఏ నెలల్లో ఆ చోట నీరు ఉంటుంది?

2. మీ సర్వే నంబరు ఆయకట్టులో ఉందా? పైపు చివర ఉన్న పొలానికి వంతు ఎలా వస్తుంది?

3. కరెంటు చార్జీ, మోటారు మరమ్మతు, కాపలా మనిషి జీతం ఎవరివి? రైతుల వాటా ఎకరానికి ఎంత, ఎవరు వసూలు చేస్తారు, లెక్క ఎక్కడ చూపుతారు?

4. సంఘం తీర్మానం పుస్తకంలో ఇవన్నీ రాశారా? నోటిమాట మీద సంతకం పెట్టకండి. ఎకరం రైతు సంతకమూ పదెకరాల రైతు సంతకమూ కాగితం మీద ఒకటే, అడిగే హక్కూ ఒకటే.

ఏతం తొక్కిన తాతకు ఈ ప్రశ్నలు ఎవరూ నేర్పలేదు. ఎన్ని బానలు పోశాడో, ఎన్ని మళ్లు తడిశాయో పాటలోనే లెక్క పెట్టుకున్నాడు. మన చేతిలో పాట పోయినా ఆ లెక్క పోనివ్వకూడదు. ఈసారి ఎవరైనా లిఫ్టు అంటే, ఏ లిఫ్టో, ఎన్ని అడుగులో, ఎవరి డబ్బో ముందు అడగండి.